క్లాడ్ కోడ్ పర్మిషన్లు, హుక్స్, శాండ్‌బాక్స్: చెరిపేసే కమాండ్లను ఎంతవరకు ఆపుతాయి?

ఆంత్రోపిక్ వాళ్ల క్లాడ్ కోడ్ ప్రోగ్రాం ఎలా రాస్తుంది, ఎంత వేగంగా రాస్తుంది అన్న సంగతి ఈ సమీక్షలో ఉండదు. టెర్మినల్‌లో మన యూజర్ పేరుతో, మన పాస్‌వర్డులతో తిరిగే ఏఐ ఏజెంట్ ఇది. ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ (ఫోల్డర్లను చెరిపేది), డ్రాప్ టేబుల్ (డేటాబేస్ టేబుల్‌ను తీసేసేది), టెర్రాఫాం డిస్ట్రాయ్ (క్లౌడ్ ఏర్పాట్లను కూల్చేది), గిట్ ఫోర్స్ పుష్ (సర్వర్‌లోని కోడ్ చరిత్రను మార్చేసేది) లాంటివి దాని చేతికి అందకుండా చూడటానికి అందులో ఏ ఏర్పాట్లున్నాయి, అవి ఎక్కడ నిలబడతాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే ఇక్కడ చూసేది.

తీర్పు ముందే చెప్పేస్తాం. పర్మిషన్ జాబితా రోజువారీ పనికి బాగుంటుంది, రక్షణకు చాలదు. హుక్స్ (ఏజెంట్ పనికి ముందు నడిచే మన సొంత స్క్రిప్టులు) చాలా మంచి ఏర్పాటు, కానీ జాగ్రత్తగా రాయకపోతే అది ఉన్నా లేనట్టే. శాండ్‌బాక్స్ (కమాండ్ల చుట్టూ ఆపరేటింగ్ సిస్టమ్ వేసే కంచె) నిజంగా అడ్డుపడుతుంది, కాకపోతే మీ ప్రాజెక్టు ఫోల్డర్‌నే కాపాడదు. డేటాబేస్, క్లౌడ్ విషయానికొస్తే ఈ మూడింటినీ పక్కన పెట్టి, ఏజెంట్‌కిచ్చే యూజర్ ఐడీకే చెరిపే హక్కు లేకుండా చేయాలి.

ఈ భయం ఊహించుకున్నది కాదు. 2025 జూలైలో రెప్లిట్ అనే కోడింగ్ సేవ ఏజెంట్ ఒక వ్యాపారవేత్త ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసింది. కోడ్ ఫ్రీజ్‌లో ఉన్నాం, ఏమీ మార్చొద్దు అని అతను స్పష్టంగా చెప్పాకే ఇది జరిగింది. 1,200 పైచిలుకు ఎగ్జిక్యూటివ్‌ల వివరాలు పోయాయి. రోల్‌బ్యాక్ (పాత స్థితికి వెనక్కి తేవడం) కుదరదని కూడా ఏజెంట్ చెప్పింది, నిజానికి కుదిరింది. తర్వాత రెప్లిట్ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌ను, ప్రొడక్షన్ డేటాబేస్‌ను విడదీసే మార్పు తెచ్చారు. ‘వద్దు’ అని ప్రాంప్ట్‌లో రాస్తే అది ఒక విన్నపం మాత్రమే. ఏజెంట్‌కు సూచనలు రాసిపెట్టే క్లాడ్ ఎండీ ఫైల్‌లో పెద్దక్షరాలతో రాసినా అంతే. మోడల్ చాలాసార్లు వింటుంది, ఒకసారి వినదు. ఆపాల్సింది మోడల్‌కు బయట ఉండాలి.

అలౌ, ఆస్క్, డినై

సెట్టింగ్స్ డాట్ జేసన్ ఫైల్‌లో మూడు రకాల రూల్స్ రాయొచ్చు. అలౌ అంటే అడగకుండా నడపొచ్చు, ఆస్క్ అంటే ప్రతిసారీ అడగాలి, డినై అంటే నడపకూడదు. చూసే వరస డినై, ఆస్క్, అలౌ. కాబట్టి ఒకే కమాండ్ రెండు చోట్లా ఉంటే డినైదే పైచేయి. ఈ వరస సరైనది, గుర్తుపెట్టుకోవడమూ తేలిక.

ఈ ఫైల్ నాలుగు చోట్ల ఉండొచ్చు: హోం ఫోల్డర్‌లో మీది, ప్రాజెక్టులో టీమ్ అందరిదీ, అదే ప్రాజెక్టులో గిట్‌లోకి వెళ్లని లోకల్ ఫైల్ ఒకటి, వీటన్నిటికీ పైన ఐటీ విభాగం పెట్టే మేనేజ్డ్ ఫైల్. లైనక్స్‌లో ఈ చివరిది ఈటీసీ కింద క్లాడ్ కోడ్ ఫోల్డర్‌లో ఉంటుంది, మార్చాలంటే రూట్ (అడ్మిన్) హక్కు కావాలి. మిగతా మూడూ మీ యూజర్ పేరుతో రాయగలిగినవే. అంటే మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని మార్చగలదు. టీమ్‌లో ఐదుగురికి మించి ఉంటే మేనేజ్డ్ ఫైల్ లేకుండా మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాం.

ఇక అసలు ఇబ్బంది. డినైలో ఆర్‌ఎం పేరు రాశారనుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు రానివ్వకూడని వాళ్ల పేర్లు చీటీ మీద రాసిచ్చినట్టే అది. మనిషి పేరు మార్చి చెబితే లోపలికి వచ్చేస్తాడు. ఫైళ్లు చెరపడానికి ఆర్‌ఎం ఒక్కటే దారి కాదు. ఫైండ్‌కు డిలీట్ అనే ఆప్షన్ ఉంది. ఆర్‌సింక్‌కు డిలీట్ ఉంది. గిట్ క్లీన్ మైనస్ ఎఫ్‌డీఎక్స్ అంటే గిట్ పట్టించుకోని ఫైళ్లన్నీ పోతాయి, వాటితోపాటు పాస్‌వర్డులుండే డాట్ ఎన్వ్ కూడా పోతుంది. పైథాన్‌లో ఎస్‌హెచ్‌యుటిల్ ఆర్‌ఎంట్రీ ఒక్క లైను. షెల్‌లో ‘గ్రేటర్ దాన్’ గుర్తు పెట్టి ఫైల్ పేరు రాస్తే చాలు, ఫైల్ ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. డాకర్ కంపోజ్ డౌన్ మైనస్ వీ అంటే వాల్యూమ్‌లు, వాటిలోని లోకల్ డేటాబేస్ పోతాయి. డేటాబేస్‌ను ఖాళీ చేసేవి వేరే ఉన్నాయి: లారవెల్ వాళ్లకు మైగ్రేట్ ఫ్రెష్, ప్రిస్మా వాళ్లకు మైగ్రేట్ రీసెట్, రెడిస్‌లో ఫ్లష్‌ఆల్. వీటిలో ఏ ఒక్కటీ ఆర్‌ఎం కమాండ్ కాదు.

ఏజెంట్ ఇదంతా పగబట్టి చేయదు. పని పూర్తి చేయాలన్న తాపత్రయంతో చేస్తుంది. ఆర్‌ఎం కుదరలేదని తెలియగానే ‘అయితే పైథాన్‌తో చేద్దాం’ అనుకోవడం దానికి చాలా సహజం. పేర్ల జాబితాతో ఆపడం ఎంత బలహీనమో కర్సర్ ఎడిటర్ విషయంలోనూ తేలింది. 2025లో భద్రతా పరిశోధకులు దాని డినై జాబితాను బేస్64, సబ్‌షెల్, కోట్ గుర్తులు, చిన్న స్క్రిప్టు ఫైల్ వాడి దాటించి చూపించాక, 1.3 వెర్షన్‌లో కర్సర్ ఆ జాబితా పద్ధతినే వదిలేసింది.

క్లాడ్ కోడ్‌లో కొంత తెలివి ఉంది, అది ఒప్పుకోవాలి. ఎన్‌పీఎం టెస్ట్‌ను అలౌ చేస్తే, దాని వెనకే రెండు యాండ్ గుర్తులు పెట్టి ఇంకో కమాండ్ అతికిస్తే ఒప్పుకోదు, రెండో దానికి విడిగా అడుగుతుంది. కానీ రూల్ రాసే మన దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ‘ఎన్‌పీఎం రన్’ తర్వాత ఏదైనా సరే అని అలౌ చేశారనుకుందాం. యాక్సెప్ట్ ఎడిట్స్ మోడ్‌లో ఏజెంట్ ప్యాకేజ్ డాట్ జేసన్‌ను అడగకుండానే మార్చగలదు. అందులో కొత్త స్క్రిప్టు రాస్తుంది, దాన్ని ఎన్‌పీఎం రన్‌తో నడుపుతుంది. రెండు అడుగులూ మీరు ఒప్పుకున్నవే, కలిస్తే ఏ కమాండైనా నడపొచ్చు. మేక్‌ఫైల్ ఉంటే మేక్ కూడా ఇంతే. పైథాన్, నోడ్, బాష్, ఎక్స్‌ఆర్గ్స్, ఫైండ్, డాకర్ ఎగ్జెక్ పక్కన స్టార్ పెట్టి అలౌ చేస్తే మొత్తం షెల్ ఇచ్చేసినట్టే. అందుకే అలౌలో పూర్తి కమాండ్ రాయండి: ‘ఎన్‌పీఎం రన్ టెస్ట్’, ‘ఎన్‌పీఎం రన్ లింట్’, ‘గిట్ స్టేటస్’, ‘గిట్ డిఫ్’. స్టార్ పెట్టాలనిపించిన ప్రతిచోటా ఆ ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను నడపగలదా అని చూడండి. నడపగలిగితే స్టార్ వద్దు.

ఇంకొకటి. డాట్ ఎన్వ్ ఫైల్ మీద రీడ్ డినై పెడితే క్లాడ్ కోడ్‌లోని సొంత ఫైల్ టూల్ దాన్ని చదవదు. ఏజెంట్ నడిపే పైథాన్ స్క్రిప్టు మాత్రం ఆ ఫైల్‌ను హాయిగా తెరుస్తుంది. ఈ తేడా తెలియక ‘రహస్యాలు భద్రం’ అనుకునే టీమ్‌లు చాలా ఉన్నాయి.

అడిగినప్పుడు వచ్చే ‘ఇకపై అడగొద్దు’ బటన్ గురించి కూడా చెప్పాలి. బాష్ కమాండ్‌కు అది నొక్కితే ఆ ప్రాజెక్టులో శాశ్వతంగా లోకల్ సెట్టింగ్స్‌లోకి చేరుతుంది. రెండు నెలలు వాడిన ప్రాజెక్టులో ఆ ఫైల్ తెరిచి చూడండి. ఎప్పుడు ఒప్పుకున్నామో గుర్తులేని లైన్లు బారులు తీరి ఉంటాయి. నెలకొకసారి దాన్ని ఖాళీ చేయడం మంచి అలవాటు.

హుక్స్: సగం మంది తప్పుగా రాసేది ఇక్కడే

ప్రీ టూల్ యూజ్ అనే హుక్ ఈ ఉత్పత్తిలో మాకు బాగా నచ్చిన భాగం. ఏజెంట్ ఏ టూల్ వాడబోయినా ముందు మీ స్క్రిప్టును పిలుస్తుంది. టూల్ పేరు, దానికిచ్చే ఇన్‌పుట్ జేసన్ రూపంలో స్క్రిప్టుకు స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా అందుతాయి. స్క్రిప్టు ఎగ్జిట్ కోడ్ 2తో ముగిస్తే ఆ పని ఆగుతుంది, స్టాండర్డ్ ఎర్రర్‌లో రాసిన మాట మోడల్‌కు చేరుతుంది. పర్మిషన్లన్నీ ఎత్తేసే బైపాస్ మోడ్‌లో కూడా ఈ అడ్డు పనిచేస్తుంది. అది పెద్ద సుగుణం.

లొసుగు ఎగ్జిట్ కోడ్ దగ్గర ఉంది. ఆపేది 2 మాత్రమే. 1 వచ్చినా, 127 వచ్చినా ‘హుక్‌లో ఏదో తప్పు జరిగింది’ అని చూపించి కమాండ్‌ను వదిలేస్తుంది. ఇప్పుడు పైథాన్‌లో రాసిన కాపలా స్క్రిప్టు సంగతి చూడండి. కమాండ్‌లో ఊహించని అక్షరం వచ్చి స్క్రిప్టు ఎక్సెప్షన్‌తో పడిపోయిందంటే పైథాన్ ఇచ్చే కోడ్ 1. షెల్‌లో రాసిన స్క్రిప్టు జేసన్‌ను చదివే జేక్యూ మీద ఆధారపడి, కొత్త ల్యాప్‌టాప్‌లో అది ఇన్‌స్టాల్ చేయలేదంటే షెల్ ఇచ్చే కోడ్ 127. రెండు సందర్భాల్లోనూ కాపలా పడిపోయింది, తలుపు తెరుచుకుంది. లాగ్‌లో చిన్న ఎర్రర్ లైన్ తప్ప ఎవరికీ తెలియదు.

మందు చిన్నదే. సెట్టింగ్స్‌లో హుక్ కమాండ్ రాసేటప్పుడు స్క్రిప్టు పేరు తర్వాత రెండు నిలువు గీతలు పెట్టి ‘ఎగ్జిట్ 2’ అని చేర్చండి. స్క్రిప్టు ఏ కారణంతో విఫలమైనా, అసలు ఫైలే లేకపోయినా అప్పుడు కోడ్ 2 అవుతుంది. స్క్రిప్టును ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంచొద్దు. ఆప్ట్ కింద ఒక ఫోల్డర్ చేసి, ఓనర్ రూట్, పర్మిషన్ 755 పెట్టండి. ప్రాజెక్టులోనే ఉంటే ‘టెస్ట్ ఆగిపోతోంది, ఈ స్క్రిప్టును సరిచేద్దాం’ అని ఏజెంటే దాన్ని దిద్దే అవకాశం ఉంది. మేనేజ్డ్ సెట్టింగ్స్‌లో ‘అలౌ మేనేజ్డ్ హుక్స్ ఓన్లీ’ని ట్రూ చేస్తే ప్రాజెక్టుల నుంచి వచ్చే ఇతర హుక్స్ నడవవు. తెలియని గిట్‌హబ్ రిపోలు క్లోన్ చేసి చూసేవాళ్లకు ఇది తప్పనిసరి.

హుక్ ఇచ్చే మాట మీద కాస్త శ్రద్ధ పెట్టండి. ‘అనుమతి లేదు’ అని మాత్రమే అంటే ఏజెంట్ ఇంకో దారి వెతుకుతుంది. ‘ఈ ప్రాజెక్టులో ఫైళ్లు చెరపకూడదు, డాట్ ట్రాష్ ఫోల్డర్‌లోకి ఎంవీతో జరుపు, అది కుదరకపోతే ఆగి మనిషిని అడుగు’ అని రాస్తే చాలావరకు అలాగే చేస్తుంది. దారి మూసేటప్పుడు ఇంకో దారి చూపించడం వల్ల తప్పించుకునే ప్రయత్నాలు బాగా తగ్గుతాయి.

హుక్‌లోనూ పేర్ల జాబితా రాస్తే మళ్లీ పాత సమస్యే. హుక్‌కు అసలు బలం సందర్భం చూడగలగడంలో ఉంది: ఇప్పుడున్న గిట్ బ్రాంచ్ మెయినా? కుబర్నెటీస్ సెట్టింగ్స్ ఫైలైన క్యూబ్ కాన్‌ఫిగ్‌లో కరెంట్ కాంటెక్స్ట్ పేరులో ప్రాడ్ (ప్రొడక్షన్) ఉందా? కమిట్ కాని మార్పులు ఉన్నాయా? ఉంటే గిట్ రీసెట్ హార్డ్, గిట్ రిస్టోర్, గిట్ క్లీన్ ఆపాలి. ఇలాంటి ప్రశ్నలు సెట్టింగ్స్ ఫైల్ రూల్స్‌తో అడగలేం, హుక్‌తో పది లైన్లలో అడగొచ్చు.

శాండ్‌బాక్స్

2025 అక్టోబర్‌లో వచ్చిన శాండ్‌బాక్స్ కమాండ్ పేరును పట్టించుకోదు. మ్యాక్‌లో సీట్‌బెల్ట్, లైనక్స్‌లో బబుల్‌ర్యాప్ వాడి, ఏజెంట్ నడిపే బాష్ కమాండ్‌ను, దాని పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ కట్టడి చేస్తుంది. మామూలుగా ఇప్పుడున్న ఫోల్డర్‌లో తప్ప బయట రాయలేవు, నెట్‌వర్క్ అంతా ఒక ప్రాక్సీ గుండా, మీరు ఒప్పుకున్న డొమైన్లకే వెళ్తుంది. పైథాన్‌తో చేసినా, ఫైండ్‌తో చేసినా, బేస్64లో దాచినా హోం ఫోల్డర్ చెరగదు. కెర్నెలే ఆపుతుంది. పర్మిషన్ జాబితా చేయలేనిది ఇదే.

దీనివల్ల ఇంకో లాభం, అడిగే ప్రశ్నలు తగ్గడం. తమ సొంత వాడకంలో పర్మిషన్ ప్రశ్నలు 84 శాతం తగ్గాయని ఆంత్రోపిక్ చెప్పింది. గంటకు నలభై సార్లు ‘యస్’ నొక్కే మనిషి నలభై ఒకటోసారి చదవడు. ప్రశ్నలు తగ్గితేనే వచ్చిన ప్రశ్నను చదువుతాడు. అందుకే ఇది రక్షణకూ పనికొచ్చే అంకె అని మా అభిప్రాయం.

లైనక్స్‌లో బబుల్‌ర్యాప్, సోక్యాట్ ప్యాకేజీలు రెండూ ముందే ఇన్‌స్టాల్ చేయాలి. విండోస్‌లో నేరుగా లేదు, విండోస్ లోపల లైనక్స్ నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ 2లో నడపాలి, డబ్ల్యుఎస్‌ఎల్ 1లో పనిచేయదు. కంపెనీ ఇచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యుఎస్‌ఎల్‌కు అనుమతి లేనివాళ్లు ఈ రక్షణ లేకుండానే పనిచేస్తున్నారని అర్థం. వాళ్లకు వేరే వర్చువల్ మెషీన్ తప్ప మంచి దారి లేదు.

మేం గట్టిగా అభ్యంతరం చెప్పేది ఒకటుంది. ప్యాకేజీ లేక శాండ్‌బాక్స్ మొదలుకాకపోతే, హెచ్చరిక చూపించి కమాండ్లను శాండ్‌బాక్స్ లేకుండా నడపడం దీని మామూలు ప్రవర్తన. రక్షణ కోసం పెట్టినది విఫలమైతే పని ఆగాలి, సాగకూడదు. సెట్టింగ్స్‌లో శాండ్‌బాక్స్ కింద ‘ఫెయిల్ ఇఫ్ అన్అవైలబుల్’ను ట్రూ చేయండి. అలాగే శాండ్‌బాక్స్ లోపల కుదరని కమాండ్‌ను మీ అనుమతితో బయట నడిపే వెసులుబాటు కూడా మామూలుగా తెరిచే ఉంటుంది. ‘అలౌ అన్‌శాండ్‌బాక్స్డ్ కమాండ్స్’ను ఫాల్స్ చేస్తే అది మూసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు కలిపే పిఎస్‌క్యూఎల్ లాంటివి ప్రాక్సీ గుండా వెళ్లలేక కనెక్ట్ కావు, అప్పుడు ఏజెంట్ ‘బయట నడపనా’ అని అడుగుతుంది, అలసిన మనిషి సరే అంటాడు. ప్రొడక్షన్ డేటాబేస్‌కు దారి సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది.

డాకర్ దీనితో పొసగదు. అందుకని చాలామంది డాకర్‌ను మినహాయింపుల జాబితాలో పెట్టేస్తారు. డాకర్ రన్ మైనస్ వీతో మొత్తం రూట్ ఫోల్డర్‌ను కంటైనర్‌లోకి మౌంట్ చేసి లోపల నుంచి చెరపొచ్చు, కాబట్టి ఆ ఒక్క మినహాయింపుతో శాండ్‌బాక్స్ అంతా వృథా. డాకర్ కావాల్సిన పనికి ఏజెంట్‌ను విడి వర్చువల్ మెషీన్‌లో కూర్చోబెట్టండి, లేదా డాకర్ కమాండ్లు మీరే నడపండి.

చదవడం విషయంలో కూడా ఇది వదులు. మామూలుగా రాయడానికే హద్దు, చదవడానికి దాదాపు మొత్తం మెషీన్ తెరిచే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీలు, ఏడబ్ల్యుఎస్ క్రెడెన్షియల్స్, క్యూబ్ కాన్‌ఫిగ్ ఉన్న ఫోల్డర్లకు విడిగా రీడ్ డినై పెట్టాలి. ఇక్కడ పెట్టిన డినై శాండ్‌బాక్స్‌లోని పైథాన్‌కు కూడా వర్తిస్తుంది, పైన చెప్పిన లోపం ఇలా తీరుతుంది. శాండ్‌బాక్స్ బాష్ కమాండ్లకే అన్నది మాత్రం మరిచిపోవద్దు. ఏజెంట్‌ను బయటి సేవలకు కలిపే ఎంసీపీ సర్వర్లు దాని బయటే నడుస్తాయి.

ఇక ప్రాజెక్టు ఫోల్డర్. అందులో రాయడానికి హక్కు ఉంది కాబట్టి అందులో చెరపడానికీ ఉంది. కమిట్ చేయని పని పోతే శాండ్‌బాక్స్ తేలేదు. వెనక్కి వెళ్లడానికి రీవైండ్ అనే సదుపాయం ఇచ్చారు, ఎస్కేప్ రెండుసార్లు నొక్కితే వస్తుంది. కానీ అది ఏజెంట్ తన ఎడిట్ టూల్‌తో చేసిన మార్పులనే గుర్తుపెట్టుకుంటుంది. బాష్‌లో ఆర్‌ఎం, ఎంవీ, సీపీ చేసినవి దాని లెక్కలో ఉండవు. అంటే ఏ సందర్భంలో మనకు ఎక్కువ అవసరమో ఆ సందర్భంలోనే ఉండదు. ఏజెంట్‌ను మొదలుపెట్టే ముందు కమిట్ చేసి, దానికి రాసే హక్కు లేని రిమోట్‌కు పుష్ చేయండి. పెద్ద పని అయితే గిట్ వర్క్‌ట్రీ (అదే రిపోకు ఇంకో పని ఫోల్డర్) విడిగా తీసి అందులో వదలండి. వర్క్‌ట్రీకి కూడా గిట్ చరిత్ర అసలు రిపోలోనే ఉంటుంది కాబట్టి ఆ రిమోట్ కాపీ అవసరం పోదు.

ఎంసీపీ టూల్స్

బయటి సేవలకు కలిపే ఎంసీపీ సర్వర్లలో ప్రతి టూల్‌కూ వేర్వేరుగా అలౌ, డినై రాయొచ్చు. ‘ఎంసీపీ’, సర్వర్ పేరు, టూల్ పేరు మధ్య రెండేసి అండర్‌స్కోర్లు పెట్టి రాస్తారు. సర్వర్ మొత్తాన్ని అలౌ చేయకుండా చదివే టూల్స్ ఒక్కొక్కటే అలౌ చేయడం సరైన పద్ధతి. సర్వర్ అప్‌డేట్ అయి కొత్త టూల్ వచ్చినా అది అలౌలో ఉండదు, అడుగుతుంది.

ప్రోటోకాల్‌లో 2025 మార్చి నుంచి ‘డిస్ట్రక్టివ్ హింట్’, ‘రీడ్ ఓన్లీ హింట్’ అనే గుర్తులున్నాయి. ఏమీ చెప్పకపోతే టూల్ చెరిపే రకమేనని అనుకోవాలన్నది నియమం, మంచి నియమం. కానీ అది సర్వర్ తన గురించి తాను చెప్పుకునే మాట. నమ్మకం లేని సర్వర్ చెప్పిన గుర్తు మీద ఆధారపడొద్దని ప్రోటోకాల్ పత్రమే చెబుతోంది.

‘రీడ్ ఓన్లీ’ అన్న పేరు చూసి నమ్మితే ఏమవుతుందో పోస్ట్‌గ్రెస్ నమూనా ఎంసీపీ సర్వర్ చూపించింది. వచ్చిన క్వెరీని ‘బిగిన్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ’ లోపల నడిపేది. ఒకే క్వెరీలో సెమీకోలన్ పెట్టి అనేక వాక్యాలు పంపనిచ్చేది. ముందు కమిట్ అని పంపితే రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్ అక్కడితో ముగుస్తుంది, వెనకే డ్రాప్ స్కీమా పంపితే నడిచిపోతుంది. ఆ లోపాన్ని డేటాడాగ్ పరిశోధకులు బయటపెట్టారు.

డేటాబేస్‌కూ క్లౌడ్‌కూ తాళం అక్కడే వేయాలి

ఇది క్లాడ్ కోడ్‌లో లేని భాగం, ఉండటం సాధ్యం కానిది కూడా. పోస్ట్‌గ్రెస్‌లో ఏజెంట్ కోసం విడి రోల్ చేయండి: లాగిన్ హక్కు, కనెక్ట్ హక్కు, స్కీమా మీద యూసేజ్, టేబుళ్ల మీద సెలెక్ట్. అంతే. 14వ వెర్షన్ నుంచి పీజీ రీడ్ ఆల్ డేటా అనే రెడీమేడ్ రోల్ ఉంది, కానీ అది అన్ని టేబుళ్లూ చూపిస్తుంది, కస్టమర్ల ఫోన్ నంబర్లతో సహా. వ్యూలు చేసి వాటి మీదే సెలెక్ట్ ఇవ్వడం మేలు.

‘డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ’ని ఆన్ చేసి సరిపెట్టుకునేవాళ్లున్నారు. అది ఆ సెషన్‌లో ఎవరైనా ఒక్క సెట్ కమాండ్‌తో ఆఫ్ చేయగల సెట్టింగ్. పొరపాటున రాసేదాన్ని ఆపుతుంది, పట్టుబట్టి రాసేదాన్ని ఆపదు. స్టేట్‌మెంట్ టైమౌట్ కూడా అంతే. ఇంకో కంత: ఫంక్షన్లు నడిపే హక్కు పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా పబ్లిక్‌కు ఉంటుంది. పాత డేటా తీసేసే ఫంక్షన్‌ను ఎవరైనా సెక్యూరిటీ డిఫైనర్‌గా (ఫంక్షన్ ఓనర్ హక్కులతో నడిచేలా) రాసి ఉంటే, సెలెక్ట్ మాత్రమే ఉన్న రోల్ కూడా ‘సెలెక్ట్’ అని మొదలుపెట్టి దాన్ని పిలిచి చెరిపేయగలదు. అలాంటి ఫంక్షన్ల మీద పబ్లిక్‌కు ఎగ్జిక్యూట్ హక్కు తీసేయండి. 15వ వెర్షన్‌కు ముందున్న సర్వర్లలో పబ్లిక్ స్కీమాలో క్రియేట్ హక్కు అందరికీ ఉంటుంది, దాన్నీ తీసేయాలి. కుదిరితే ఏజెంట్‌కు రెప్లికా (డేటాబేస్ నకలు) అడ్రస్ మాత్రమే తెలియాలి. బరువైన క్వెరీ పంపినా అసలు సర్వర్ నిలబడుతుంది.

ఏడబ్ల్యుఎస్‌లో డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌కు డిలీషన్ ప్రొటెక్షన్ పెడతారు, మంచిదే. అదే కీతో మాడిఫై కమాండ్ ఇచ్చి ఆ ప్రొటెక్షన్‌ను తీసేయొచ్చు. కాబట్టి ఏజెంట్ వాడే ఐఏఎం రోల్‌కు (ఏడబ్ల్యుఎస్‌లో హక్కులు నిర్ణయించేది) డిలీట్, మాడిఫై రెండూ స్పష్టమైన డినైతో ఉండాలి. టెర్రాఫాంలో ప్రివెంట్ డిస్ట్రాయ్ రాసినా, ఏజెంట్ ఆ రిసోర్స్ బ్లాక్ మొత్తాన్ని ఫైల్‌లోంచి తీసేస్తే దానితోపాటే ఆ రక్షణ లైనూ పోతుంది, తర్వాతి అప్లై రిసోర్స్‌ను కూల్చేస్తుంది. ఏజెంట్‌కు ప్లాన్ వరకే హక్కు ఇచ్చి, అప్లైని మనిషి ఒప్పుకున్నాకే నడిచే సీఐ పైప్‌లైన్‌లో పెట్టండి. ఫోర్స్ పుష్‌ను కూడా ల్యాప్‌టాప్‌లో కాదు, గిట్ సర్వర్‌లో బ్రాంచ్ ప్రొటెక్షన్‌తోనే ఆపాలి.

ఇవన్నీ చేసి, ప్రొడక్షన్ డేటాబేస్ యూఆర్‌ఎల్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న టెర్మినల్‌లోంచే ఏజెంట్‌ను మొదలుపెడితే ఫలితం లేదు. పిల్ల ప్రాసెస్‌కు అవన్నీ వారసత్వంగా వెళ్తాయి. ఎన్వ్ మైనస్ ఐతో ఖాళీ ఎన్విరాన్‌మెంట్ తీసి, కావాల్సిన పాత్, హోం, టెర్మ్ మాత్రమే ఇచ్చి మొదలుపెట్టండి. ఇంకా మేలైనది ఏజెంట్‌కు మెషీన్‌లో విడి యూజర్.

బైపాస్ మోడ్, ఇతర ఉత్పత్తులు

‘డేంజరస్లీ స్కిప్ పర్మిషన్స్’ అన్న ఫ్లాగ్ పేరే హెచ్చరిక. ఇది ఇంటర్నెట్ లేని, పారేయదగ్గ కంటైనర్‌కే. 2025 ఆగస్టులో ఎన్ఎక్స్ అనే బిల్డ్ టూల్ ప్యాకేజీల్లోకి దూరిన మాల్‌వేర్, డెవలపర్ మెషీన్‌లో ఉన్న ఏఐ టూల్స్‌ను ఇలాంటి ఫ్లాగ్‌లతోనే పిలిచి రహస్యాలను వెతికించింది. అంటే మీరు వాడకపోయినా, ఆ దారి తెరిచి ఉంటే ఇంకెవరో వాడతారు. మేనేజ్డ్ సెట్టింగ్స్‌లో ‘డిసేబుల్ బైపాస్ పర్మిషన్స్ మోడ్’కు ‘డిసేబుల్’ అని విలువ ఇవ్వండి.

ఓపెన్‌ఏఐ కోడెక్స్ సీఎల్‌ఐ ఈ విషయంలో ఇంకో వైపు నుంచి మొదలైంది: రీడ్ ఓన్లీ, వర్క్‌స్పేస్ రైట్, డేంజర్ ఫుల్ యాక్సెస్ అని మూడు మెట్లు, వర్క్‌స్పేస్ రైట్‌లో నెట్‌వర్క్ మామూలుగానే మూసి ఉంటుంది. ఏమీ మార్చకుండా వాడేవాళ్లకు కోడెక్స్ పద్ధతే భద్రం. కూర్చుని అమర్చుకునే ఓపిక ఉన్న టీమ్‌కు క్లాడ్ కోడ్‌లోని హుక్స్, మేనేజ్డ్ సెట్టింగ్స్ కలిసి ఎక్కువ పట్టునిస్తాయి. ఒంటరిగా పనిచేస్తూ, సెట్టింగ్స్ ఫైల్ తెరవని వాళ్లకు ఇప్పుడున్న డిఫాల్ట్‌లతో దీన్ని ప్రొడక్షన్ కీలు ఉన్న మెషీన్‌లో పెట్టుకోమని మేం చెప్పం.

అమర్చాక, ప్రతి అప్‌డేట్ తర్వాత కూడా, ఒక పరీక్ష చేయండి. టెంప్ ఫోల్డర్‌లో ఉత్తుత్తి రిపో, హోంలో ‘ఎర’ అనే ఖాళీ ఫోల్డర్ చేసి, ఏజెంట్‌తో ఇవి ప్రయత్నించమని చెప్పండి: ఎర ఫోల్డర్‌ను ఆర్‌ఎంతో, పైథాన్‌తో, ఫైండ్‌తో చెరపడం, ప్యాకేజ్ డాట్ జేసన్‌లో కొత్త స్క్రిప్టు రాసి నడపడం, ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను పైథాన్‌తో చదవడం, జాబితాలో లేని డొమైన్‌కు కర్ల్, హుక్ స్క్రిప్టును దిద్దడం, ఏజెంట్ రోల్‌తో ఒక ఉత్తుత్తి టేబుల్‌ను ట్రంకేట్ చేయడం. తర్వాత హుక్ స్క్రిప్టు పేరును మీరే మార్చేసి, అది దొరకని స్థితిలో మామూలు ఎల్‌ఎస్ కమాండ్ అడగండి. ఎల్‌ఎస్ నడిచిందంటే నిలువు గీతల తర్వాతి ఎగ్జిట్ 2 మీరు చేర్చలేదు.